తొమ్మిది మందితో క్యారవాన్ యాత్ర: లేపాక్షి, గండికోట దారిలో రాత్రులు ఎలా గడపాలి?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్, బెంగళూరు నుంచి)

అందరికీ నమస్కారం. నేనూ నా భార్యా ఇంతవరకు రెండుసార్లు క్యారవాన్, అంటే పడకలు, టాయిలెట్ ఉన్న బండి, అద్దెకు తీసుకుని తిరిగాము. మొదటిసారి చిక్కమగళూరుకు, రెండోసారి మరవంతె మీదుగా గోకర్ణకు వెళ్లాము. మరవంతె దగ్గర 66వ నంబరు జాతీయ రహదారికి ఒకవైపు సముద్రం, మరోవైపు సౌపర్ణికా నది ఉంటాయి. అక్కడ తెల్లవారుజామున తలుపు తీసి మెట్టు మీద కూర్చుని కాఫీ తాగుతుండగా, "అమ్మావాళ్లు ఇది చూడకుండా మనమే చూసేస్తున్నాం" అని నా భార్య అన్నది. ఆ మాట దగ్గరే ఈసారి ప్రయాణానికి బీజం పడింది.

సంక్రాంతి వెళ్లిన తరువాత నాలుగు రాత్రుల ప్రయాణం అనుకుంటున్నాము. బెంగళూరు నుంచి లేపాక్షి, కదిరి మీదుగా గండికోట, అక్కడి నుంచి బెలుం గుహలు, తాడిపత్రి చూసుకుని తిరిగి రావాలని ఆలోచన. మా అమ్మానాన్నలు తెనాలి నుంచి, అత్తగారు మామగారు నెల్లూరు నుంచి వస్తారు. మా మిత్రులైన ఒక జంట, వారి ఆరేళ్ల పాప కూడా మాతో కలుస్తారు. అందరం కలిపి తొమ్మిది మందిమి. మేము మాట్లాడుకున్న బండి ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్‌ను మార్చి కట్టినది. అందులో డ్రైవరు కాక ఆరుగురు కూర్చోవచ్చు, నలుగురు పడుకోవచ్చు. మిత్రులు తమ కారులో వెనుక వస్తామన్నారు.

నలుగురు పెద్దవారిని క్యారవాన్‌లో పడుకోబెట్టి మేమూ మిత్రులూ పక్కనే గుడారాలు వేసుకుందామని అనుకున్నాము. కానీ మా నాన్నగారికి మధుమేహం ఉంది, రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఇద్దరమే వెళ్లినప్పుడు నీళ్ల గురించి గాని, కరెంటు గురించి గాని ఆలోచించవలసిన అవసరం మాకు రాలేదు. ఇంతమందితో వెళ్లి వచ్చినవారు ఎవరైనా ఉంటే, ఈ ఏర్పాటు నడుస్తుందో లేదో దయచేసి చెప్పగలరు.

సమాధానం (జయనగర్ నుంచి)

మీ ఉత్తరం మా వారికి చదివి వినిపించాను. మేమిద్దరం ఉద్యోగాల నుంచి విరమించుకున్న తరువాత ఏటా రెండు మూడుసార్లు ఇలా తిరుగుతున్నాము. ఒకసారి స్నేహితులతో, ఒకసారి మా చెల్లెలి కుటుంబంతో, ఒకసారి మా అమ్మాయి అత్తమామలతో వెళ్లాము. మీ ప్రశ్నకు జవాబు ఆ చివరి ప్రయాణంలోనే నాకు దొరికింది కాబట్టి దానిని కొంచెం వివరంగా చెబుతాను.

హంపీకి వెళ్లాము. క్యారవాన్‌లో మేమిద్దరం, వియ్యంకుడుగారు, వియ్యపురాలుగారు, అంతే. నలుగురికీ నాలుగు పడకలు ఉన్నాయి కదా అని గది తీసుకోలేదు. అవి నిజంగానే మెత్తటి, మంచి పడకలు. కానీ ఆ బండిలో ఒక జంట పడకకూ ఇంకో జంట పడకకూ మధ్య ఒక తెర మాత్రమే ఉంటుంది. టాయిలెట్ తలుపు ఆ తెర పక్కనే. వియ్యపురాలుగారు ఆ రాత్రి చీర కుచ్చెళ్లు కూడా సడలించకుండా, గోడకు ఆనుకుని, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నట్టే నిద్రపోయారు. టాయిలెట్ గొళ్లెం చప్పుడు మా వారికి వినపడుతుందేమోనని మొహమాటపడి సాయంత్రం నుంచే మంచినీళ్లు తాగడం మానేశారని నాకు మరునాటి వరకు తెలియదు. ఆ మధ్యాహ్నం విఠల ఆలయం దగ్గర ఎండలో ఆమెకు కళ్లు తిరిగి, రాతి అరుగు మీద కూలబడిపోయారు. నీళ్లు తాగించి కాసేపు పడుకోబెట్టిన తరువాత తేరుకున్నారు గాని, ఆ సాయంత్రం ఆమె నా చెయ్యి పట్టుకుని అసలు సంగతి చెప్పినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. వియ్యాలవారి మధ్య మర్యాద ఎంత ప్రేమ ఉన్నా సడలదు, దానికి ఒక గోడ కావాలి. ఆ రాత్రే హంపీ పక్కనున్న కమలాపురంలో వారికి గది తీసుకున్నాము. మిగిలిన మూడు రోజులు ఎంతో ఆనందంగా గడిచాయి.

అందువల్ల మీ ఏర్పాటును తిరగవేయమని నా సలహా. రాత్రులు పెద్దవారికి గదులు తీసుకోండి. లేపాక్షిలోనూ గండికోటలోనూ ఆంధ్రప్రదేశ్ పర్యాటక సంస్థ వారి హరిత హోటళ్లు ఉన్నాయి. సంక్రాంతి వారంలో గదులు దొరకడం కష్టం కాబట్టి ముందే ఖాయం చేసుకోండి. క్యారవాన్‌ను పగలంతా అందరి ఇల్లుగా వాడుకోండి. పెద్దవారితో దారిన పోతున్నప్పుడు శుభ్రమైన టాయిలెట్ చేతికి అందేంత దూరంలో ఉండడం, భోజనం కాగానే పావుగంట నడుము వాల్చడానికి చోటు ఉండడం, మాత్రలు వేళకు వేయడానికి ఫ్రిజ్‌లో మజ్జిగ ఉండడం, వీటికోసమే ఈ బండి. మీ నాన్నగారు దారిలో ఎక్కడ ఆపమని అడగాలా అని బెంగపడనవసరం లేదు. ఇన్సులిన్ వాడుతున్నట్టయితే అదీ చల్లగా ఉంటుంది.

రాత్రి క్యారవాన్‌లో పడుకునే సరదా పెద్దవారికి ఉండదని కాదు, మా మామగారు ఎనభై ఏళ్ల వయసులో పసిపిల్లవాడిలా ముచ్చటపడ్డారు. ఒక రాత్రి మీ అమ్మానాన్నలు, ఇంకో రాత్రి అత్తగారు మామగారు, మిగిలిన రెండు రాత్రులు మీరిద్దరూ పడుకోవచ్చు. ఒక రాత్రికి ఒకే జంట అని నియమం పెట్టుకోండి.

ఇంకొక సంగతి చాలామంది మరిచిపోతారు: మీ డ్రైవరుగారు ఎక్కడ పడుకుంటారు? పగలంతా బండి నడిపిన మనిషి రాత్రి ముందు సీటులో కాళ్లు ముడుచుకుని పడుకుంటే, మరునాడు ఆయన చేతిలో ఉండేది బండిలో ఉన్నవారందరి ప్రాణాలు. హోటల్లో డ్రైవర్ల గది ఉందా అని బుక్ చేసేటప్పుడే అడగండి, లేకపోతే ఆయనకూ ఒక గది తీసుకోండి. భోజనం కూడా మీతో పాటే పెట్టండి.

స్నేహితులతో డబ్బు లెక్క బయలుదేరక ముందే మాట్లాడుకోండి. మేము అద్దె, డీజిలు, టోలు మా ఖర్చుగానూ, గదులు ఎవరివి వారివిగానూ పెట్టుకుంటాము.

సమాధానం (హెబ్బాళ నుంచి)

జయనగర్ అమ్మగారు మనుషుల సంగతి చెప్పారు, నేను బండి సంగతి చెబుతాను. నేను ఒక పాత వ్యాన్‌ను నా చేతులతోనే క్యారవాన్‌గా మార్చుకున్నాను. ఆ పనిలో నేర్చుకున్నదే ఇది.

ముందు కరెంటు. అద్దె బండ్లలో తరచుగా కనిపించేది 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ. 12ను 200తో హెచ్చిస్తే 2,400 వాట్ అవర్లు, అంటే రెండున్నర యూనిట్లకు కొంచెం తక్కువ. ఒక టన్ను ఏసీ కంప్రెసర్ నడుస్తున్నంతసేపు గంటకు ఇంచుమించు ఒక యూనిట్ లాగుతుంది. అంటే బ్యాటరీ మీద ఏసీ రెండు గంటలు దాటి నడిస్తే మీ అదృష్టం. నేను ఈ లెక్క కాగితం మీద వేసుకోకుండా ఒక మే నెలలో పిల్లలతో బయలుదేరాను. రాత్రి ఒంటిగంటకు ఏసీ ఆగింది, రెండింటికి ఫ్రిజ్ ఆగింది, తెల్లవారేసరికి పాలు విరిగిపోయాయి. ఆ రాత్రంతా చంటివాడికి అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాము. కాబట్టి రాత్రి బండిని నిలిపే చోట కరెంటు కనెక్షన్ ఇస్తారా, ఇస్తే 16 ఆంపియర్ల సాకెట్టా, మీ బండిలో అంత దూరం వెళ్లే తీగ ఉందా అని అడిగి తెలుసుకోండి. మీరు వెళ్లేది జనవరి కాబట్టి కడప వైపు రాత్రులు చల్లగానే ఉంటాయి, ఫ్యానూ లైట్లూ ఫ్రిజ్‌ల వరకైతే ఆ బ్యాటరీ ఒక రాత్రికి చాలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఈ ప్రయాణం పెద్దవారితో వద్దనే చెప్పేవాడిని.

తరువాత నీళ్లు. ఇలాంటి బండ్లలో ట్యాంకు వంద లీటర్ల అటూ ఇటూ ఉంటుంది. తొమ్మిది మంది పళ్లు తోముకుని ముఖం కడుక్కోవడానికి మనిషికి ఐదు లీటర్లు వేసుకున్నా నలభై ఐదు అయిపోతాయి. గిన్నెలకు ఇరవై. టాయిలెట్‌కు ఇంకో ఇరవై. స్నానం అన్న మాట ఇక ఎత్తనవసరం లేదు. గదులు తీసుకుంటే స్నానాలన్నీ అక్కడే జరిగిపోతాయి, ట్యాంకు టాయిలెట్‌కూ చేతులు కడుక్కోవడానికీ మిగులుతుంది. ఉదయం హోటల్ నుంచి కదిలే ముందు ట్యాంకు నింపుకోండి. తాగే నీళ్లు మాత్రం ఎప్పుడూ వేరుగా, ఇరవై లీటర్ల క్యానుల్లో పెట్టుకోండి.

టాయిలెట్ క్యాసెట్ రకమైతే, అంటే అడుగున ఉండే పెట్టెను బయటికి తీసి ఖాళీ చేసేదైతే, ఆ పెట్టె ఇరవై లీటర్ల లోపే ఉంటుంది. ఇద్దరికి రెండు మూడు రోజులు వస్తుంది, తొమ్మిది మంది వాడితే సాయంత్రానికి నిండుతుంది. దానిని హోటల్ టాయిలెట్‌లోనో, సెప్టిక్ ట్యాంకుకు కలిసే చోటనో మాత్రమే ఖాళీ చేయాలి. పొలం గట్టున, వాగు పక్కన ఒంపేసి వెళ్లిన బండ్లను నా కళ్లారా చూశాను. అలాంటి ఊళ్లలో ఆ తరువాత వచ్చే క్యారవాన్‌కు నీళ్లు పోయడానికి కూడా ఎవరూ ముందుకు రారు. డ్రైవరు ఎక్కడ ఖాళీ చేస్తున్నారో మీరే దగ్గర ఉండి చూడండి.

బండి కదులుతున్నప్పుడు ఎవరూ పడకల మీద ఉండకూడదు, నిలబడి టీ కాచకూడదు. ఆర్సీలో ఎన్ని సీట్లు రాసి ఉంటే అంతమందే, అదీ బెల్టు పెట్టుకునే కూర్చోవాలి. మీ మిత్రుల పాప కారులో వెళ్లనని, క్యారవాన్‌లోనే కూర్చుంటానని పట్టుబట్టడం ఖాయం. అప్పుడు పెద్దవారిలో ఒకరు కారులోకి మారాలి గాని, పాపను ఎవరి ఒడిలోనూ కూర్చోబెట్టకండి.

ఎత్తు కొలిచి ఒక కాగితం మీద రాసి డ్రైవరు ఎదుట అంటించండి. పైకప్పు మీద ఏసీ ఉన్న బండి మూడు మీటర్ల దాకా ఉండవచ్చు. ఊరి స్వాగత తోరణాలు, రైల్వే గేటు ముందు అడ్డంగా కట్టే ఇనుప దూలాలు, కిందికి వేలాడే కరెంటు తీగలు, చింతకొమ్మలు, వీటన్నిటినీ కారు నడిపే కంటితో చూస్తే తెలియదు. మీ మిత్రుల కారు వెనుక కాకుండా ముందు వెళితే ఎంతో మేలు.

మీరే నడపాలనుకుంటే, మొత్తం బరువు 7,500 కిలోలకు మించని వాహనాన్ని తేలికపాటి వాహనాల లైసెన్సుతో నడపవచ్చని, అది రవాణా వాహనమైనా ప్రత్యేక అనుమతి అక్కరలేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తీర్పు చెప్పింది. అయినా పెద్దవారున్నప్పుడు అలవాటున్న డ్రైవరే మంచిది.

సమాధానం (బన్నేరుఘట్ట రోడ్డు నుంచి)

మాది జమ్మలమడుగు. మా ఊరి నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. మీరు అమ్మానాన్నలను తీసుకుని మా సీమకు వస్తున్నారని చదివి సంతోషంతో రాస్తున్నాను.

44వ నంబరు రహదారి మీద కొడికొండ చెక్‌పోస్టు దగ్గర లేపాక్షికి తిరగాలి. బెంగళూరు నుంచి లేపాక్షి సుమారు 120 కిలోమీటర్లు, కాబట్టి మొదటి రోజు తొందరపడనవసరం లేదు. అయితే కర్ణాటక రిజిస్ట్రేషన్ ఉన్న అద్దె బండి కాబట్టి ఆంధ్రలోకి రావడానికి పర్మిట్, పన్ను కాగితాలు సరిగా ఉన్నాయో లేదో బయలుదేరడానికి రెండు రోజుల ముందే యజమానిని అడిగి, ఫోటో తీసి పంపమనండి. చెక్‌పోస్టు దగ్గర పెద్దవారిని కూర్చోబెట్టి ఈ పని చూసుకోవలసి వస్తే అందరికీ చిరాకు.

లేపాక్షిలో ఒకే రాతిలో మలచిన బసవన్న ఊరి రోడ్డు పక్కనే ఉన్నాడు. మీ అత్తగారు ఎక్కువ నడవకుండానే దర్శనం చేసుకోవచ్చు. కదిరిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయిన తరువాత సమయం ఉంటే తిమ్మమ్మ మర్రిమాను చూపించండి. ఒక్క చెట్టు ఎకరాల కొద్దీ పరుచుకుని ఉంటుంది, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఆ దారిలో కొమ్మలు రోడ్డు మీదికి వంగి ఉంటాయి, పైన హెబ్బాళ వారు చెప్పిన ఎత్తు సంగతి అక్కడ గుర్తుంచుకోండి.

గండికోటలో బండిని కోట ద్వారం లోపలికి తీసుకువెళ్లే ప్రయత్నం చేయకండి. పాతకాలపు కోట ద్వారం, మలుపు ఇరుకు. హోటల్ దగ్గరే నిలిపి, పెద్దవారిని కారులో లోపలికి దింపండి. మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం వరకు నేల పరవాలేదు. పెన్నా లోయ అంచుకు వెళ్లడానికి మాత్రం పెద్ద పెద్ద బండరాళ్ల మీద అడుగులు వేసుకుంటూ పోవాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవారిని అక్కడికి బలవంతం చేయకండి, పాప చెయ్యి ఒక్క క్షణం కూడా వదలకండి. సూర్యోదయానికి అరగంట ముందే చేరితే, లోయలో నీరు ముందు బూడిద రంగులో ఉండి, తరువాత రాళ్లు ఒక్కొక్కటే ఎర్రబడడం కనిపిస్తుంది. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నా ఇప్పటికీ తనివి తీరలేదు.

బెలుం గుహలు మొత్తం 3,229 మీటర్లు. చూడడానికి తెరిచి ఉంచినది సుమారు కిలోమీటరున్నర. లోపల మెట్లు ఉన్నాయి, జనవరిలో కూడా ఉక్కపోస్తుంది. ఓపిక లేనివారు బయట క్యారవాన్‌లో విశ్రాంతి తీసుకోవడమే మంచిది, నాకు తెలిసి ఈ మొత్తం ప్రయాణంలో ఆ బండి అన్నిటికన్నా అక్కరకు వచ్చేది అక్కడే. తాడిపత్రిలో పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయాన్ని తప్పక చూపించండి. లింగం దగ్గర నీరు ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది, బుగ్గ అన్న పేరు అందుకే వచ్చింది.

ఆ ప్రాంతంలో రాత్రిపూట రోడ్డు పక్కన ఎక్కడ పడితే అక్కడ ఆపుకుని పడుకోకండి. భయపెట్టడానికి కాదు, నాపరాళ్ల లారీలు రాత్రంతా తిరుగుతాయి, వాటి డ్రైవర్లకు చీకట్లో నిలిచి ఉన్న బండి కనిపించదు.

ప్రశ్న అడిగినవారి జవాబు

మీ ముగ్గురికీ మా ఇద్దరి తరఫునా కృతజ్ఞతలు. జయనగర్ అమ్మగారు రాసిన నీళ్ల సంగతి చదివి నా భార్య వెంటనే వాళ్ల అమ్మగారికి ఫోన్ చేసింది. "నేనూ అదే అనుకున్నానమ్మా, మీరు అంత ఉత్సాహంగా చెబుతుంటే ఎలా కాదనాలో తెలియలేదు" అన్నారట. అడగకపోతే ఆమె ఎప్పటికీ చెప్పేవారు కారు.

గుడారాల ఆలోచన మానుకున్నాము. లేపాక్షిలో రెండు రాత్రులకు, గండికోటలో రెండు రాత్రులకు మూడేసి గదులు, డ్రైవరుగారికి వేరే గది అడిగాము. క్యారవాన్‌లో లేపాక్షి రెండో రాత్రి అత్తగారు మామగారు, గండికోట మొదటి రాత్రి అమ్మానాన్నలు పడుకుంటారు. వాళ్లు క్యారవాన్‌లో పడుకున్న రాత్రి వాళ్ల గదిలో మేముంటాము. పాపకు వెనుక కిటికీ పక్క సీటు ఇచ్చి, మా మామగారు కారులోకి మారడానికి ఒప్పుకున్నారు. కారు ముందు వెళుతుంది. యజమానిని పర్మిట్ కాగితాలు అడిగాము, ఇంకా పంపలేదు. రేపటిలోగా పంపకపోతే బండి మార్చుకుంటాము.

ఒక్క సందేహం మిగిలింది. అమ్మా అత్తగారూ ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుని గారెలు, పూరీలు అక్కడే వేడివేడిగా చేద్దామని నిర్ణయించుకున్నారు. ఎలా చెప్పాలి?

సమాధానం (జయనగర్ నుంచి)

నూనె మూకుడు బండి లోపల పెట్టవద్దని గట్టిగానే చెప్పండి. అంత ఇరుకులో నూనె ఒలికితే తప్పుకోవడానికి కూడా చోటు ఉండదు, కిటికీలు తీసినా ఆ పొగ పరుపులకు పట్టి మూడు రోజులు వదలదు. కొన్ని బండ్లలో గ్యాస్ ఉండదు, ఇండక్షన్ పొయ్యి మాత్రమే ఉంటుంది. అది ఏసీ కన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి పాలు, టీ, ఉప్మా వరకే.

కానీ వద్దు అని ఊరుకోకండి, వాళ్లకు వేరే పని అప్పగించండి. మొదటి రోజుకు పులిహోర, దద్దోజనం మీ అమ్మగారు ఇంట్లో చేసి తీసుకురావచ్చు. మీ అత్తగారు సున్నుండలు, చెక్కలు, కందిపొడి డబ్బాల్లో సర్దుకుని రావచ్చు. పులిహోర సాయంత్రానికి కూడా బాగుంటుంది. దద్దోజనం మాత్రం మధ్యాహ్నానికే అయిపోవాలి, పెరుగు తక్కువగా, పాలు ఎక్కువగా పోసి కలిపితే పులవదు. బండి పక్కన విప్పుకునే గుడ్డ పందిరి ఉంటే దాని కింద రెండు చాపలు పరిచి వడ్డించుకోండి. మేము వెళ్లినప్పుడల్లా స్టీలు కంచాలు తీసుకువెళ్లేదాన్ని. గిన్నెలకు ఇరవై లీటర్లు అని హెబ్బాళ వారు వేసిన లెక్క చూశాక విస్తరాకులే నయమనిపిస్తోంది. తాడిపత్రి బజారులో దొరకకపోవచ్చు, బయలుదేరే ముందు రోజు గాంధీబజారులో ఒక కట్ట తీసుకోండి.